కార్డ్‌లెస్ మైక్ ఎందుకు కట్ అవుతోంది? తిరునాళ్ల స్టేజీ మీద మైక్‌కీ, సెల్ సిగ్నల్‌కీ లింకేంటి? రూల్స్ ఏం చెబుతున్నాయి?

పెద్దదోర్నాల, మార్కాపురం, గిద్దలూరు వైపు తిరునాళ్లు వచ్చాయంటే పౌరాణిక నాటకం, హరికథ, కోలాటం, భజన.. ఏదో ఒకటి ఉండాల్సిందే. ఒకప్పుడు స్టేజీకి పైనుంచి రెండు మైకులు వేలాడదీస్తే సరిపోయేది. ఇప్పుడు చేతిలో కార్డ్‌లెస్ మైక్, చొక్కాకు కాలర్ మైక్ మామూలైపోయాయి. కానీ పగలు టెస్టింగ్‌లో బ్రహ్మాండంగా పలికిన మైక్, రాత్రి జనం నిండాక గరగరమంటుంది. రాగం తీస్తుండగా మాట మింగేస్తుంది. మైక్‌సెట్ వాళ్లకు మాట పడేది అక్కడే. చాలాసార్లు తప్పు మైక్‌ది కాదు, అది వాడుతున్న ఫ్రీక్వెన్సీది.

అసలు ఎలా పనిచేస్తుంది?

కార్డ్‌లెస్ మైక్ అంటే ఓ చిన్న రేడియో స్టేషన్. గొంతును రేడియో తరంగంగా మార్చి పంపుతుంది. మిక్సర్ పక్కన పెట్టిన రిసీవర్ దాన్ని పట్టుకుంటుంది. మైక్ పంపే పవర్ సాధారణంగా 10 నుంచి 50 మిల్లీవాట్లే. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో గట్టి సిగ్నల్ వస్తే మైక్ గొంతు అందులో మునిగిపోతుంది.

700 బ్యాండ్ మైకులతోనే తంటా

చాలా పాత యూహెచ్‌ఎఫ్ మైకులు 700 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఒకప్పుడు అది టీవీ ప్రసారాల బ్యాండ్. టీవీ స్టేషన్లు వాడని ఖాళీల్లో మైకులు నడిచిపోయేవి. ఇప్పుడు సీన్ మారింది. 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ వరకు సెల్‌ఫోన్లు టవర్‌కు పంపే సిగ్నల్‌కు, 758 నుంచి 803 వరకు టవర్లు ఫోన్లకు పంపే సిగ్నల్‌కు కేటాయించారు. 2022 వేలంలో జియో ఈ బ్యాండ్‌లో దేశంలోని 22 సర్కిళ్లలోనూ స్పెక్ట్రమ్ కొనుక్కుంది. బీఎస్‌ఎన్‌ఎల్‌కు కూడా ఇందులో స్పెక్ట్రమ్ ఇవ్వాలని 2023 జూన్‌లో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది.

నల్లమల అంచు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. టవర్ దూరమై సిగ్నల్ వీక్‌గా ఉంటే ఫోన్ తన పవర్ పెంచుకుంటుంది. అది 200 మిల్లీవాట్ల దాకా వెళ్తుంది. మైక్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువన్న మాట. స్టేజీ ముందు వందల మంది వీడియోలు తీసి పంపుతుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పగలు ఖాళీ మైదానంలో చేసిన టెస్ట్ రాత్రికి పనికిరాకపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

మిగతా దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో 700 బ్యాండ్‌లో కార్డ్‌లెస్ మైకుల వాడకాన్ని 2010 జూన్ 12 నుంచి ఆపేశారు. 600 బ్యాండ్‌లో మొబైల్ సేవలకు ఇచ్చిన భాగం నుంచీ 2020 జులై 13 నాటికి మైకులు తప్పుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 2020 మేలో 700 బ్యాండ్ ఖాళీ చేయించారు. అక్కడ పనికిరాని మోడళ్లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు కనిపించినా, ఇక్కడా అవి ఇబ్బందే పెడతాయి.

మన దగ్గర రూల్ ఏంటి?

ఫ్రీక్వెన్సీల వ్యవహారం చూసేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడాన్ని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే నేరంగా పేర్కొంది. మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. 2024 జూన్ నుంచి దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు.

కొన్ని బ్యాండ్‌లకు మాత్రం మినహాయింపు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ (2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్) అందులో ముఖ్యమైనది. నిర్ణీత పవర్‌కు లోబడి ఎవరైనా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. 865 మెగాహెర్ట్జ్ పైన కూడా చిన్న బ్యాండ్ తెరిచి ఉంది. అయితే యూరప్‌లో మైకులకు ఫ్రీగా వదిలింది 863 నుంచి 865. రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకటి కాదు. అక్కడ ఫ్రీ అని బాక్స్ మీద రాసి ఉంటే ఇక్కడా ఫ్రీ అనుకోకూడదు. 470 నుంచి 698 మధ్యది ప్రధానంగా టీవీ ప్రసారాల బ్యాండ్. 2.4 లాగా అందరికీ తెరిచింది కాదు.

ఇంకో మాట. తిరునాళ్లకు పోలీసులు ఇచ్చే మైక్ పర్మిషన్ శబ్దానికి సంబంధించింది. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ల నిషేధం లాంటివి దాని కిందకు వస్తాయి. ఫ్రీక్వెన్సీకి దానితో సంబంధం లేదు.

కొనేముందు, కట్టేముందు ఇవి చూసుకోండి

* మైక్ వెనుక లేదా బ్యాటరీ మూత లోపల ఫ్రీక్వెన్సీ రాసి ఉంటుంది. 703 నుంచి 803 మధ్య ఉంటే కొనకపోవడమే మేలు.
* డబ్ల్యూపీసీ ఈటీఏ అనుమతి ఉన్న మోడలేనా అని అడగండి. అయితే ఈటీఏ పరికరానికి ఇచ్చేది. లైసెన్స్ కావాల్సిన బ్యాండ్‌లో వాడుకోవడానికి అదొక్కటే చాలదు.
* 2.4 గిగాహెర్ట్జ్ మైకులకు వైఫై, బ్లూటూత్ పోటీ. మనిషి అడ్డం వచ్చినా సిగ్నల్ పడిపోతుంది. రిసీవర్‌ను స్టేజీకి దగ్గరగా, మైక్‌కు నేరుగా కనిపించేలా ఎత్తులో పెట్టాలి. వైఫై రూటర్ పక్కన వద్దు.
* ఎక్కువ మైకులు వాడితే ఫ్రీక్వెన్సీల మధ్య సమాన దూరం వద్దు. 640, 641 మైకులు రెండూ ఆన్‌లో ఉంటే వాటి కలయికతో 642 దగ్గర దొంగ సిగ్నల్ పుడుతుంది (641 రెట్టింపులోంచి 640 తీసేస్తే 642). మూడో మైక్ అక్కడే ఉంటే దెబ్బతింటుంది. కంపెనీ ఇచ్చిన గ్రూప్, ఛానల్ సెట్టింగులే వాడాలి.
* ఎఫ్‌ఎం రేడియోలో వినిపించే చవక మైకులు స్టేజీకి వద్దు. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ రేడియో స్టేషన్ల బ్యాండ్. మార్కాపురం ఆకాశవాణి వినేవాళ్లకూ ఇబ్బందే.
* జనం వచ్చాక, నాటకం మొదలవడానికి ముందు మరోసారి స్కాన్ చేసి ఛానల్ మార్చుకోవాలి.
* పద్యాలు పాడే ముఖ్య పాత్రకు, హార్మోనియానికి ఒక్కో వైరు మైక్ సిద్ధంగా పెట్టుకోవాలి. దానికి స్పెక్ట్రమ్‌తో పనే లేదు.