రెండో బండికి రెండు శాతం

తెలంగాణలో ఒక మనిషి పేరు మీద ఇప్పటికే ఓ కారు ఉండి, అదే పేరు మీద ఇంకోటి కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ కట్టాలి. ఈ సంగతి చెవిన పడ్డ రోజు నాకు భలే సరదా వేసింది. 2022 మేలో సవరించిన రేట్లు చూడండి. 10 లక్షలు దాటి 20 లక్షల లోపు బండికి అప్పట్లో 17 శాతం. 18 లక్షల బండి అయితే 3,06,000 రూపాయలు. పాతది పేరు మీదే ఉంటే 19 శాతం, అంటే 3,42,000. హైదరాబాద్ బోరబండ సందులో గోడవారగా దుమ్ము కొట్టుకుపోతున్న పాత స్కార్పియో, షోరూం గడప ఇంకా దాటని కొత్తదాని నెత్తిన 36,000 రూపాయలు రుద్దిందన్నమాట. సవతి పోరు అంటే అచ్చంగా ఇదే. అందుకే మనవాళ్లు కొత్త బండిని ఇల్లాలి పేరు మీద కొంటారు. ప్రేమ కొంత, 2 శాతం కొంత.

ఇన్సూరెన్సుదీ అదే తీరు. క్లెయిమ్ చేయకుండా ఏళ్లు గడిపితే వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా పెరుగుతుంది. పాతది అమ్మేస్తే ఆ రాయితీ కొత్తదానికి వస్తుంది. ఉంచుకుంటే పాతదాని దగ్గరే ఉండిపోతుంది.

అసలు బండి ‘పాతది’ ఎప్పుడవుతుంది? 1988 మోటారు వాహనాల చట్టం సొంత బండి రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్ల గడువు పెట్టింది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 దాకా కారుకి ఆ రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. ఆ రోజు నుంచి 5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇంజన్ బాగుందా, ఛాసిస్ తుప్పు పట్టిందా అని చూడాల్సిన మేస్త్రీ పక్కకు పోయి, క్యాలెండరు ముందుకొచ్చింది. నాకు ఇది నచ్చదు.

పాత బండి ఎప్పుడూ తలనొప్పే అనేవాళ్లకు మన దేశ చరిత్ర గట్టి సాక్ష్యం ఇస్తుంది. స్వతంత్ర భారతంలో తొలి పెద్ద కుంభకోణమే పాత జీపులది. 1948లో కశ్మీర్ యుద్ధం వేళ, లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ మరమ్మతు చేసిన జీపుల కోసం 80 లక్షల రూపాయల ఒప్పందం కుదిర్చారు. చేరినవి 155. సైన్యం వాటిని చూసి, పనికిరావంది. 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు స్టార్ట్ చేసి చూడాలన్న సంగతి దేశానికి అప్పుడే తెలిసి ఉండాలి.

ఇక్కడ నేను దారి తప్పుతాను, ఎందుకంటే బోరబండ నుంచి కూతవేటు దూరంలో సనత్‌నగర్ ఉంది. సనత్‌నగర్ అంటే ఆల్విన్. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి పెట్టిన కర్మాగారం. ఏం చేయలేదని? ఇంట్లో ఫ్రిజ్, చేతికి గడియారం, ఆఫీసుకి పుష్పక్ స్కూటర్, ఎక్కడానికి డబుల్ డెక్కర్ బస్సు. సైరన్ మోగితే చుట్టుపక్కల బస్తీలు పొద్దు తెలుసుకునేవి. ఆల్విన్ ఫ్రిజ్ కొన్న ఇంట్లో ‘మార్చాలా’ అన్న మాట వచ్చేది కాదు. తలుపు రబ్బరు పోతే రబ్బరు వేయించారు, రంగు పోతే రంగు కొట్టించారు. ఆఖరికి కరెంటు తీసేసి, అందులో పుస్తకాలో బియ్యమో సర్దారు. వస్తువుకి పదవీ విరమణ ఉండేది గానీ వెళ్లగొట్టడం ఉండేది కాదు.

ఆ ఆల్విన్ 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి, పక్కనే ఎర్రగడ్డ మీదుగా పోయే ముంబై రోడ్డు మీదే, వంద కిలోమీటర్ల అవతల జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో దాన్ని మహీంద్రా తీసుకుంది. ఉక్కు వ్యాపారంతో బతుకు మొదలుపెట్టి, ఆ తర్వాత విల్లీస్ జీపులు బిగించిన కంపెనీ అది. 1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’గా పుట్టింది. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ దేశ విభజనలో పాకిస్తాన్ వెళ్లి, అక్కడ తొలి ఆర్థిక మంత్రీ, ఆపైన గవర్నర్ జనరలూ అయ్యాడు. పేరులో ఓ ‘ఎం’ మిగిలింది, మనిషి మారాడు. ఇటు ఆల్విన్ ఫ్రిజ్‌లు వోల్టాస్ పాలయ్యాయి, గడియారాలు ఆగిపోయాయి. 2003 ప్రాంతంలో ఊళ్లో డబుల్ డెక్కర్లూ కనుమరుగయ్యాయి. 2020లో ఓ పౌరుడు ట్విట్టర్‌లో అవి ఏమైపోయాయని అడిగితే అప్పటి మంత్రి కేటీఆర్ తన బడి రోజులు తలచుకున్నారు. 2023లో కరెంటు డబుల్ డెక్కర్లు వచ్చాయి, ఒక్కోటీ రెండు కోట్ల పైమాటే. పారేసినదాన్ని కోట్లు పోసి మళ్లీ కొనుక్కోవడం మనకో సరదా.

మళ్లీ జీపుల దారికొస్తే, ఆ కుంభకోణం తర్వాత నాలుగు దశాబ్దాలు జీపు అంటే పోలీసు జీపు, తహసీల్దారు జీపు. ఆ కాలపు సర్కారు ఆఫీసు ఏదైనా తలుచుకోండి. వేపచెట్టు కింద కండెం చేసిన జీపు ఒకటి ఉంటుంది. టైర్లు నేలలో దిగి, స్టీరింగ్ మీద కాకి రెట్ట, సీటు స్పంజిలో పిల్లి పిల్లలు. వేలంపాట జరిగి అది బయటికొచ్చిందంటే ఇంకో జన్మ ఎత్తినట్టే. వెనక రెండు బల్లలు బిగించి, టాపు మీద ఎరువు బస్తాలు కట్టి, మండల కేంద్రం నుంచి తండాకి సర్వీసు. బాడీ లోపల ఎంతమంది, బయట ఎంతమంది అని లెక్కపెట్టినవాడు లేడు.

తర్వాత 1994లో టాటా సుమో వచ్చింది. కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి రెండు ముక్కలు తీసి పెట్టిన పేరది. మన ఫ్యాక్షన్ సినిమాలు ఆ పేరుని గాల్లోకి లేపాయి. 2000లో టయోటా క్వాలిస్. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్ రాత్రుళ్లు క్వాలిస్‌వే. తెల్లవారుజామున నాలుగింటికి ఐటీ ఉద్యోగాల పిల్లలను దింపి, బోరబండ, మోతీనగర్ సందుల్లో వరసగా నిద్రపోయేవి. 2005లో ఇన్నోవా కోసం క్వాలిస్‌ని ఆపేశారు. అప్పట్లోనే నేను చాలా నొచ్చుకున్నాను, ఇప్పటికీ నొచ్చుకుంటున్నాను.

ఢిల్లీ వాళ్లకైతే 2025 దాకా ఆలోచించే పనే ఉండేది కాదు. డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోలుకి 15, అంతే. 2015లో హరిత ట్రిబ్యునల్ అన్నదాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. తెలంగాణలో తుక్కు విధానం ఇష్టమైతేనే, బలవంతం లేదు. తుక్కు అంటే చిన్నచూపు వద్దు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ క్రికెట్ బ్యాటు, హ్యాండ్‌బ్యాగు, బర్గరు ఆకారాల్లో నడిచే కార్లు కట్టింది చాలావరకు ఆ తుక్కుతోనే.

బోరబండ సైట్-3లో మా మిత్రుడొకాయనకి మొన్న పాతది అమ్మాలా, ఉంచాలా అన్న చిక్కే వచ్చింది. 2010 స్కార్పియో, ఏపీ నంబరు ప్లేటు. వెనక ఎదురెదురు సీట్లు, వాటి కింద ఎప్పటివో మేడారం జాతర బెల్లం మరకలు. కొత్తదానికి టీజీ నంబరు వస్తుంది. ఇంటి ముందు జాగా ఒక్కదానికే ఉంది, అదీ పక్కింటివాళ్లు స్కూటర్ జరిపితే. బ్రోకరు వచ్చి బానెట్ ఎత్తకుండానే రేటు చెప్పాడు.

‘‘గా పైసలతోని ఏమొస్తదే? కొత్తదాని సీట్ కవర్లు గూడ రావు’’ అన్నాడు మిత్రుడు నాతో.

‘‘మరి ఉంచుకుంటవా?’’

‘‘ఎట్ల ఉంచుకుంట? రెండు పర్సెంటు నీ అయ్య కడతడా?’’

చివరికి కొత్తది బుక్ చేయకముందే పాతదాన్ని నారాయణఖేడ్‌లో తమ్ముడి పేరు మీదికి మార్పించాడు. పొలానికి, పెళ్లిళ్లకు, ఆస్పత్రికి బాగా తిరుగుతోందట. 36,000 మిగిలాయని అందరికీ చెప్పుకున్నాడు. పోయిన వారం తమ్ముడి ఫోన్: ‘‘అన్నా, క్లచ్ ప్లేట్లు పోయినయ్. బండి నీదే గదా, జర పైసలు కొట్టు.’’