తుక్కు పద్దు

పంచపట్మలి కొండ మీది ఎఱ్ఱ బాక్సైటు తెల్లని పొడిగా మారడం మన దామంజోడి వారికి వింత కాదు. కాని తుక్కు శిల్పమవుతుందంటే నాబోటి రైల్వే గుమాస్తాకు మొదట నమ్మకం కుదరలేదు. విరిగిన బోల్టు తుక్కు పద్దులో చేరవలసిందే గదా!

1942లో పికాసో సైకిలు సీటును, హాండిలును కలిపి ఎద్దుతల చేశాడు. 1961లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియమువారు ఇట్టి కృతులెన్నో చేర్చి పెద్ద ప్రదర్శన జరిపారు. అది పెద్దల సంగతి. నా మనసును పట్టినవాడు నేక్‌చంద్. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరు, అంటే మనవంటి చిరుద్యోగి. 1957 మొదలు డ్యూటీ దిగిన తరువాత పగిలిన గాజులు, పింగాణీ పెంకులు సైకిలు మీద మోసుకుపోయి, సర్కారు అడవి స్థలంలో గుట్టుగా బొమ్మలు నిలిపాడు. సుమారు పద్దెనిమిదేళ్లకు గుట్టు బయటపడింది. చట్టప్రకారం కూల్చవలసినదే, జనం అభిమానం దానిని కాపాడింది. 1976లో ప్రభుత్వమే దానిని ప్రజలకు తెరిచి, ఆయనకు జీతమూ, యాభైమంది కూలీలనూ ఇచ్చింది.

మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావుగారు, కుమారుడు రవిచంద్రతో కలిసి, పాత సైకిలు గొలుసులు, పళ్లచక్రాలు, నట్లు, బోల్టులు అతికి 2021లో ప్రధాని మోదీగారి 14 అడుగుల విగ్రహం నిలిపారు. అందులో ముఖపు పోలిక తేవడమే కష్టం. మైనపు ముద్దయితే నొక్కి సరిచేయవచ్చు. ఇనుప ముక్క నొక్కితే లొంగదు, సరిపోయే ముక్క దొరికేదాకా గుట్టలో వెదకవలసిందే.