యమున ఇవతలి గట్టున ఆపద వేళ

తూర్పు ఢిల్లీలో యమున కరకట్టకు దగ్గరగా ఉన్న లక్ష్మీ నగర్ వాసులకు, ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా ప్రాణం మీదికి వస్తే, దాటాల్సిన మొదటి గండం చాలాకాలం పాటు నదే. పెద్దాసుపత్రులన్నీ అవతలి గట్టునే వెలిశాయి. 1930లో శంకుస్థాపన జరిగి 1936లో మొదలైన ఇర్విన్ ఆసుపత్రి ఢిల్లీ గేటు దగ్గర ఉంది. ఇప్పుడు అది లోక్‌నాయక్ ఆసుపత్రి, జనం నోట ఎల్‌ఎన్‌జేపీ. 1956 నాటి చట్టంతో ఏర్పడిన ఎయిమ్స్ ఇంకా దక్షిణాన ఉంది. 1860ల నాటి ఇనుప వంతెన మీద ఆధారపడిన ఈ గట్టుకు 1960లలో ఐటీవో బ్యారేజీ మరో దారి ఇచ్చింది. నేటికీ లక్ష్మీ నగర్ నుంచి ఎల్‌ఎన్‌జేపీకి వెళ్లేవాళ్లు వికాస్ మార్గ్ మీదుగా ఆ బ్యారేజీనే దాటతారు.

పొలాలూ పల్లపు నేలలూ ప్లాట్లుగా మారి, ఇళ్లు లేచాకే రోడ్లు, మురుగు కాలువల మాట ఎత్తిన కాలనీలు ఇక్కడ ఎక్కువ. సందులు సన్నం, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అంబులెన్స్ సందు మొగలోనే ఆగిపోతుంది. అదే ఇరుకువల్ల ఒక ఇంట్లో కేక నాలుగిళ్లకు వినిపిస్తుంది. రోగిని మెట్ల మీద నుంచి కుర్చీలో దించేది, ఆటో ఆపేది, ఇంట్లో మిగిలిన పిల్లలకు అన్నం పెట్టేది పొరుగువాళ్లే. దశాబ్దాల పాటు 100కు ఫోన్ చేస్తే వచ్చే పోలీసు పీసీఆర్ వ్యాన్లే క్షతగాత్రులకు అంబులెన్సులయ్యాయి. క్యాట్స్ పేరిట ప్రభుత్వ అంబులెన్స్ సేవ ఆ తర్వాతి మాట.

1980ల చివరికి దిల్షాద్ గార్డెన్‌లో గురు తేగ్ బహదూర్ ఆసుపత్రి, 1990లలో ఖిచ్డీపూర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ఆసుపత్రి రావడంతో నది దాటక తప్పని పరిస్థితి కొంత తగ్గింది. అదే కాలంలో చట్టమూ కదిలింది. పోలీసు కేసు తేలాకే వైద్యం అనే ఆనవాయితీని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తోసిపుచ్చింది. ముందు ప్రాణం నిలపాలి, లాంఛనాలు తర్వాత అని తేల్చింది. గాయపడినవాణ్ని తీసుకొచ్చిన మనిషికి రక్షణ మాత్రం చాలా ఆలస్యంగా దక్కింది. పేరు చెప్పమని అతన్ని బలవంతపెట్టకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదం లభించింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేరింది.

రోగి లోపలికి వెళ్లాక బయట మిగిలే కుటుంబం సంగతి ఈ తీర్పుల్లో లేదు. మందులు తేవడం, పరీక్షల కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరగడం, రాత్రి ఐసీయూ ముందు మేలుకుని ఉండడం అటెండెంట్ వంతు. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 1998 నుంచి డబ్బుకు రక్తం ఇవ్వడంపై నిషేధం వచ్చింది. అది అవసరమైన మార్పే. అయితే ఆ తర్వాత రక్తానికి మనుషుల్ని వెతికే భారం బంధుమిత్రుల మీద పడింది. పడుకునే చోటు కరవై ఎయిమ్స్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద రాత్రులు గడిపే కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ధర్మశాలలు, రైన్ బసేరాలనే రాత్రి ఆశ్రయాలు ఆ అవసరానికి ఎన్నడూ చాలలేదు.

2010 నవంబర్ 15 సాయంత్రం లక్ష్మీ నగర్‌లోని లలితా పార్క్‌లో ఐదంతస్తుల భవనం కూలి 70 మంది దాకా చనిపోయారు. అందులో అద్దెకున్నవాళ్లలో ఎక్కువమంది బెంగాల్, బీహార్‌ల నుంచి వచ్చిన కూలీలు. ఇరుకు సందుల్లోకి యంత్రాలు రాలేక సతమతమవుతుంటే, ఇరుగుపొరుగువాళ్లు ఉత్త చేతులతో శిథిలాలు తీశారు. తమవాళ్లు ఎల్‌ఎన్‌జేపీలో ఉన్నారో, ఇంకే ఆసుపత్రిలో ఉన్నారో తెలియక బంధువులు వెతుక్కున్నారు. సొంత ఊరు వందల మైళ్ల దూరాన ఉన్న కుటుంబానికి అలాంటి రాత్రి అండగా నిలిచేది పక్క గదివాళ్లే.

సీఏ కోచింగ్‌ల కోసం లక్ష్మీ నగర్‌కు వచ్చి పీజీ హాస్టళ్లలో ఉండే విద్యార్థులదీ అదే స్థితి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో తల్లిదండ్రులు చేరాలంటే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. అంతవరకు ఆసుపత్రిలో రూమ్మేటే ఇంటిమనిషి. సంతకం పెట్టడానికి అతను భయపడతాడు. ప్రాణాపాయ స్థితిలో సమ్మతి తీసుకునే వీలు లేకున్నా సద్భావంతో చికిత్స చేసిన వైద్యుడికి 1860 నాటి శిక్షాస్మృతి 92వ సెక్షనే రక్షణ ఇచ్చింది. సంతకం కోసం చికిత్స ఆగనక్కర్లేదని ఆ కుర్రవాడికి చెప్పేవాళ్లు ఉండాలి.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో విడత ఈ అలవాట్లన్నిటినీ తలకిందులు చేసింది. పొరుగువాడు తలుపు తట్టడానికే జంకాడు. రోగి పక్కన కూర్చునే హక్కు ఇంటివాళ్లకూ పోయింది. పడక దొరకనివాళ్ల కోసం ఘజియాబాద్ ఇందిరాపురంలోని గురుద్వారా దగ్గర ఖాల్సా హెల్ప్ ఇంటర్నేషనల్ ఆక్సిజన్ లంగర్ నడిపింది. కార్లలో, ఆటోల్లో, రోడ్డు పక్కన కూర్చోబెట్టి ఊపిరి అందించింది. కాలనీల్లో వండిన అన్నం పొట్లాలు గుమ్మాల దగ్గర పెట్టి వెళ్లడం, ఆక్సిజన్ ఎక్కడుందో ఫోన్లలో వాకబు చేయడం ఆ నెలల్లో ఇరుగుపొరుగు సాయానికి కొత్త రూపాలు.

నది మాత్రం పాత సమస్యగానే ఉంది. 2023 జూలై 13న యమున మట్టం 208.66 మీటర్లకు చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ఐటీవో దగ్గర నీళ్లు రోడ్డెక్కాయి. సివిల్ లైన్స్‌లోని సుశ్రుత ట్రామా సెంటర్‌లోకి వరద వచ్చి, అక్కడి రోగులను ఎల్‌ఎన్‌జేపీకి తరలించారు.