కూటి చరిత్ర – 9: తొట్టిలో చేప, బంతిలో మనిషి

ఈ భాగం చేపల తొట్టి దగ్గర మొదలై పల్నాడు దాకా పోతుంది. కాస్త ఓపిక పట్టండి.

పాలేరు కట్ట నుంచి భద్రాచలం అడవి అంచు దాకా రోడ్డు పక్క హోటళ్లలో ఇప్పుడు బతికిన చేపను చూపించి వండి పెట్టడం ఒక వ్యాపారం. తొట్టిలో ఈదుతున్నదాన్ని వేలు పెట్టి చూపిస్తే తూకం వేస్తారు, కోస్తారు, సగం వేపుడు, సగం పులుసు. దీనికి కొర్రమీను సరిగ్గా సరిపోతుంది. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కొద్ది నీళ్లలోనూ బతుకుతుంది. 2016లో తెలంగాణ దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

మొన్న మేం పదకొండు మందిమి అట్లాంటి చోట కూర్చున్నాం. మాల, మాదిగ, కోయ, ముదిరాజ్, ఇద్దరు రెడ్ల పిల్లలు. ఒకే గిన్నెలోంచి పులుసు వడ్డించుకున్నాం. ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. మా విద్యార్థి ఒకడు "సార్, ఇక్కడ కులం లేదు కదా" అన్నాడు. వాడి మాటను కొట్టిపారేయలేను. అట్లాగని ఒప్పుకోనూ లేను. ఈ వ్యాసం వాడికోసమే.

ముందు మాట సంగతి. సంస్కృతంలో 'పంక్తి', మన నోట 'బంతి'. పంక్తి ఉన్నచోటే పంక్తిబాహ్యుడూ ఉన్నాడు. వరసలో కూర్చోబెట్టాక కూడా ఒకరికి ముక్కలు, ఒకరికి నీళ్ల పులుసు పోస్తే దాన్ని 'బంతిలో వలపక్షం' అన్నారు. అంటే బంతిలోకి రానివ్వకపోవడం ఒకటి, రానిచ్చి తక్కువ చేయడం ఇంకొకటి. రెండింటికీ తెలుగులో మాటలున్నాయి. అనుభవం లేకుండా మాట పుట్టదు.

తెలుగు నేల మీద కలిసి తినడం గురించి మనకున్న పాత జ్ఞాపకం పల్నాటి చాపకూడు. పన్నెండో శతాబ్దంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని కథ. పాఠ్యపుస్తకాల్లో ఇక్కడితో ఆపేస్తారు, బ్రహ్మనాయుడికి దండ వేసి. నేను చూసేది చాప మీద కూర్చున్న మాల కన్నమదాసును. కథలో అతను పొట్టకూటికి వచ్చినవాడు కాదు. బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్నవాడు, సేనాపతి. కూటితో పాటు కత్తీ, సేనా, మాటకు విలువా వచ్చాయి. శత్రువులకు మండింది అందుకే. ఉత్త అన్నం పెడితే అంత మంట ఎందుకు?

ఈ కథకు పుస్తక రూపం ఇచ్చింది శ్రీనాథుడని అంటారు. అంటే కొన్ని వందల ఏళ్ల తర్వాతి సంగతి. కానీ పల్నాట దాన్ని తరతరాలుగా పాడి నిలబెట్టిన వీరవిద్యావంతులు మాలలు. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. మన సాహిత్య చరిత్రలు శ్రీనాథుడికి ఇచ్చిన పేజీల్లో పదోవంతు ఆ గాయకులకు ఇచ్చి ఉంటే నా పీహెచ్‌డీ పని సగం తగ్గేది!

ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ ఈళవులనూ పులయలనూ కలిపి మిశ్రభోజనం పెట్టాడు. సొంత కులంవాళ్లే వెలివేసి, 'పులయ అయ్యప్పన్' అని తిట్టారు. ఆయన ఆ తిట్టును బిరుదుగా తీసుకున్నాడు. ఇటు కృష్ణా జిల్లాలో గోరా సహపంక్తి భోజనాలను ఉద్యమంగా నడిపాడు. ఈలోపు గాంధేయుల హరిజనోద్ధరణ భోజనాలూ వచ్చాయి. ఒక పూట వాడకొచ్చి తిని వెళ్తారు. మరుసటి రోజు బావి దగ్గర వరస మామూలే.

అందుకే అంబేద్కర్ 1927లో మహాడ్‌లో విందు పెట్టలేదు, చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగాడు. అడిగింది ఆతిథ్యం కాదు, హక్కు. 1936లో 'కుల నిర్మూలన'లో ఇంకా సూటిగా చెప్పాడు: కలిసి తినే కులాలు చాలా ఉన్నాయి, అయినా వాటి మధ్య కులం చావలేదు, కులాంతర వివాహమే అసలు మందు అని. ఖమ్మం పక్కనే ఉన్న మిర్యాలగూడ ఆ మాటకు రక్తసాక్ష్యం. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ని చంపింది కలిసి తిన్నందుకు కాదు, పెళ్లి చేసుకున్నందుకు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్న. ఆ బల్ల మనకు ఎవరి దయవల్లా రాలేదు. హోటళ్లలోకి రాకుండా కులం పేరుతో ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. 1955లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఊరి టీకొట్లలో రెండు గ్లాసులు ఉన్నాయి. మా నాన్న తరం తమ గ్లాసు తామే కడిగి పెట్టింది. కాబట్టి పదకొండు మంది ఒక బల్ల దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు. వాడు చూసింది నిజమే.

కానీ బల్ల చుట్టూ కూడా చూడాలి. ఆ బల్ల దగ్గర కులం అడగనిది మనం బిల్లు కట్టగలం కాబట్టి. జేబులో డబ్బు లేని కోయ పిల్లవాడికి ఆ బోర్డూ ఒక గోడే. మెనూ చూడండి, చేప ఉంది, రొయ్య ఉంది, నాటుకోడి ఉంది. మా వాడ కూర లేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు ఆ కూరను బహిరంగంగా వండుకుంటే గొడవ బాష్పవాయువు దాకా పోయింది. అంటే అందరం కలిసి తినొచ్చు, కానీ వాళ్లు ఒప్పుకున్నదే తినాలి. వలపక్షం అంటే ఇదే కదా.

ఇక వెనకాల పొలుసు గీసేవాళ్లు, పేగులు తీసేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు. కులం అడగని హోటల్‌లోనే వాళ్ల వాడ పేరు అడిగి చూడండి. ఆ చేప వచ్చిన నీటి సంగతి ఇంకా పెద్దది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం చెప్తుంది. శబరి గోదావరిలో కలిసే కూనవరాన్ని 2014లో పోలవరం కోసం ఖమ్మం నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాముడికి ఎంగిలి పండ్లు పెట్టిన శబరి పేరు పాటల్లో ఉంది. ఆమె పేరున్న ఏటి ఒడ్డు కోయలు తమ ఊళ్లు మునుగుతాయని ధర్నాలు చేశారు.

వచ్చే భాగంలో చెరువు వేలం గురించి. మీ ఊరి చెరువులో చేప పట్టే హక్కు ఎవరికి ఉంది, ఎట్లా వచ్చింది, మీ అవ్వతాతలను అడిగి రాయండి.

జై భీమ్.