డార్లింగ్ అంటే అసలు అర్థం ఏంటి? ఎవరిని పడితే వారిని అలా పిలిస్తే జైలే!

డార్లింగ్.. ఈ మాట వినగానే మనకు ముందు ప్రభాస్ గుర్తొస్తాడు. 2010లో ఎ. కరుణాకరన్ డైరెక్షన్‌లో ఆ పేరుతో సినిమా వచ్చింది. ఫ్యాన్స్‌కి ఆయన ఇప్పటికీ డార్లింగే. కుర్రాళ్లు ఒకరినొకరు 'ఏంటి డార్లింగ్' అని పలకరించుకోవడమూ మామూలే. కానీ ఇదే మాట ఒకరిని జైలు శిక్ష దాకా తీసుకెళ్లింది.

ఇంతకీ ఈ పదం ఎక్కడిది? పాత ఇంగ్లిష్‌లో 'డియోర్లింగ్' అనేవారు. డియర్ అంటే ప్రియమైన. దానికి 'లింగ్' అనే తోక చేరింది. బాతుపిల్లను డక్లింగ్ అంటారు కదా, అదే తోక. ముద్దుల బిడ్డ, ఇష్టమైన మనిషి అని అర్థం. ఆడా మగా తేడా లేదు. భార్యాభర్తలు, ప్రేమికులు, పిల్లల్ని ముద్దు చేసే తల్లిదండ్రులు.. అందరూ వాడతారు.

బ్రిటన్‌లో అయితే ముక్కూ మొహం తెలియని కస్టమర్‌ని కూడా కొందరు దుకాణదారులు డార్లింగ్ అనేస్తారు. మన 'అమ్మా', 'అన్నా' లాగే అదొక పిలుపు, అంతే. అక్కడ ఇంటిపేరుగానూ ఉంది. 2007 నుంచి 2010 వరకు బ్రిటన్ ఆర్థిక మంత్రి పేరు అలిస్టర్ డార్లింగ్! ఇక 'మీడియా డార్లింగ్' అంటే మీడియా నెత్తిన పెట్టుకున్న మనిషి అని. ఇందులో కాస్త వెటకారం కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలు కేసుకొద్దాం. అండమాన్‌లో దుర్గాపూజ సమయంలో డ్యూటీలో ఉన్న ఓ మహిళా కానిస్టేబుల్‌ను, తాగిన మత్తులో ఒకడు డార్లింగ్ అని పిలిచాడు. చలానా రాయడానికి వచ్చావా అంటూ ఎగతాళి చేశాడు. కేసు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. పరిచయం లేని మహిళను అలా పిలవడం లైంగిక వ్యాఖ్యేనని 2024లో జస్టిస్ జయ్ సేన్‌గుప్తా తీర్పిచ్చారు. తాగి ఉన్నాడనే సాకు కుదరలేదు. తాగకుండా అని ఉంటే తప్పు ఇంకా పెద్దదయ్యేదన్నారు. శిక్షను మాత్రం మూడు నెలల నుంచి నెలకు తగ్గించారు.

అప్పట్లో అది ఐపీసీ 354ఏ. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 75. లైంగిక వ్యాఖ్యలకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మరి ఆఫీసులో? డియర్‌కి ఇబ్బంది లేదు. లెటర్ మొదట్లో 'డియర్ సర్', 'డియర్ మేడమ్' అని రాయడం పద్ధతే. అదే చోట డార్లింగ్ రాసి చూడండి, హెచ్‌ఆర్ నుంచి పిలుపు ఖాయం!