బొంత, గొబ్బెమ్మ, కాంచళి: ఇంటి కళకు చరిత్ర లేదా?

గుంటూరు సీమ కళాచరిత్రను మన పండితులు అమరావతి స్తూపంతో మొదలుపెడతారు. అది న్యాయమే. 1797లో కాలిన్ మెకంజీ కంటపడిన ఆ శిథిలాల నుంచి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు 1859లో లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్లాయి. ఆ రాళ్ల మీది శాసనాలలో దానమిచ్చిన స్త్రీల పేర్లు చాలా వున్నాయి: గృహిణులు, కూతుళ్లు, భిక్షుణులు. రెండు వేల ఏళ్ల కిందటి ఇల్లాలు స్తూపానికి రాయి ఇచ్చిందని మనకు తెలుసు. ఆమె తన ఇంట్లో, తన చేతులతో ఏం చేసిందో మాత్రం మనకు తెలియదు. రాయి నిలిచింది, గుడ్డా మట్టీ పిండీ నిలవలేదు. నిలిచినదాన్నే కళ అనుకోవడం అలవాటైన చరిత్రకారుడు నిలవనిదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నిలవకపోవడం ఒక్కటే కారణం కాదు. కచేరీలూ నాటకాలూ కూడా నిలవవు, అయినా వాటికి చరిత్రలున్నాయి. అసలు కారణం శ్రమ విభజనలో వుంది. వంటా, పిల్లల పెంపకం, పశువుల పని చేస్తూ, వాటి మధ్యనే స్త్రీ సృష్టించినదాన్ని ఇంటిపనిలో భాగంగానే చూశారు. ఇంటిపనికి కూలి లేదు. కూలి లేని పనిని పని అనలేదు. పనే కానిదాన్ని కళ అనే ప్రశ్న రాలేదు.

ఇప్పుడు చిత్రకళా విమర్శలో 'మిశ్రమ మాధ్యమం' అనే మాట బాగా వాడుకలో వుంది. రంగుతో పాటు గుడ్డ, కాగితం, తాడు, గాజు, లోహం ఒకే కృతిలో చేర్చడాన్ని ఆ మాటతో పిలుస్తున్నారు. పాశ్చాత్య కళాచరిత్ర దీనికి 1912ను తొలి మైలురాయిగా చూపుతుంది. ఆ ఏడాది పికాసో కుర్చీ అల్లిక అచ్చు వేసిన నూనెగుడ్డను తన చిత్రానికి అంటించి, చుట్టూ తాడు బిగించాడు. అరవై ఐదేళ్ల తర్వాత, 1977-78లో మిరియం షపీరో, మెలిస్సా మేయర్ అనే ఇద్దరు అమెరికన్ చిత్రకారిణులు ఈ లెక్కను ప్రశ్నించారు. పాత గుడ్డలు, ఉత్తరాలు, బొత్తాలు దాచి, అతికి, కుట్టి స్త్రీలు చేసిన పని పికాసో కన్నా ఎంతో ముందుదని చూపారు. దానికి వాళ్లొక కొత్త పేరు కూడా పెట్టారు. మనకు ఆ పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మన ఇళ్లలో వస్తువులున్నాయి, వాటికి తెలుగు పేర్లున్నాయి.

గొబ్బెమ్మనే తీసుకోండి. ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, దాని మధ్య ఆవుపేడ ముద్దలు నిలిపి, పసుపు కుంకుమలు అద్ది, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చుతారు. నేల, నీరు, పిండి, పేడ, పసుపు, పువ్వు అన్నీ కలిస్తే ఒక రచన. గచ్చకాయ రంగు నేల మీద తెల్లని గీత, దానిపై నల్లపచ్చని ముద్ద, ఆ పైన పసుపుపచ్చని పువ్వు. ఈ రంగుల పొందిక యాదృచ్ఛికం కాదు, తరాలుగా ఎంచుకున్నది. మధ్యాహ్నానికి ఆ పువ్వు వాడిపోతుంది. ముద్దలను గోడకు కొట్టి పిడకలు చేస్తారు. అవి భోగిమంటలోకో, రథసప్తమి నాటి పరమాన్నం పొయ్యిలోకో పోతాయి. కళాఖండం వంటచెరుకవుతుంది. అందానికీ అవసరానికీ మధ్య పండితులు కట్టిన గోడ ఆ వాకిట్లో లేదు.

ఇక బొంత. ఇది పత్తి నేల. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861-65 సంవత్సరాలలో అక్కడి పత్తి ఆగిపోయి, లాంకషైర్ మిల్లుల కళ్లు మన దేశపు పత్తి మీద పడ్డాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి 'కోకనాడ' అనే రేవు పేరుతోనే విదేశీ వ్యాపారంలో చలామణీ అయింది. తీసినవాళ్లకు మిగిలింది కూలి మాత్రమే. పత్తి పండే పల్లెలో పసిబిడ్డకు పరుపు వుండదు, బొంత వుంటుంది. అమ్మమ్మ నేతచీర, తాత పంచె, చిరిగిన లంగా, చిన్న పిల్లవాడి చొక్కా పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, పెద్ద సూదితో చివరి నుంచి చివరికి వరసలు కుడతారు. చిరుగు ఎక్కడుందో అక్కడ రంగు ముక్క పడుతుంది. ఎక్కడ ఏ రంగు పడాలన్నది కొంత లేమి నిర్ణయిస్తుంది, కొంత కుట్టే మనిషి కన్ను నిర్ణయిస్తుంది. లేమి ఒక్కటే నిర్ణయిస్తే ఏ రెండు బొంతలకూ అందంలో తేడా వుండకూడదు. తేడా వుంటుందని, ఫలానా ఇంటావిడ బొంత బాగుంటుందని ఊరంతటికీ తెలుసు.

ఇక్కడే మన విమర్శకులు పట్టించుకోవలసిన అసలు విషయం వుంది. ఈ కళల రూపాన్ని నిర్ణయించింది కాలం. తైలవర్ణ చిత్రానికి ఎడతెగని గంటలు కావాలి, వేరే గది కావాలి, రంగు ఆరేదాకా పిల్లలు ముట్టని చోటు కావాలి. బొంతకు అవేమీ అక్కర్లేదు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని ఊపుతూ రెండు చేతులతో కుట్టవచ్చు. బిడ్డ ఏడిస్తే సూది గుడ్డలో గుచ్చి లేవవచ్చు. ఎసరు పొంగితే వెళ్లి వచ్చి, ఆపిన చోటునుంచే అందుకోవచ్చు. నెల తర్వాత అందుకున్నా నష్టం లేదు. కోడలు మొదలుపెడితే అత్త కొనసాగించవచ్చు. ముక్కలుగా దొరికే కాలానికి ముక్కలుగా పెరిగే రూపమే సరిపోతుంది. స్త్రీ రాయాలంటే డబ్బూ సొంత గదీ కావాలని 1929లో వర్జీనియా ఉల్ఫ్ అన్నది. ఆ మాట నిజం. ఆ గది దొరకని కోట్లాది స్త్రీలు గది అక్కర్లేని రూపాలను కనిపెట్టుకున్నారన్నదీ అంతే నిజం. కావ్యంలో ఖండికకూ మహాకావ్యానికీ తేడాను చర్చించే మనం, రూపానికి వెనుక వున్న పని గంటల గురించి కూడా చర్చించాలి.

అయితే ఇంటి కళను ఒకే ముద్దగా చూడటం పొరపాటు. ఇల్లంటే ఏ ఇల్లు? బియ్యం వున్న ఇంట్లో బియ్యప్పిండి ముగ్గు, లేని ఇంట్లో రాతిపిండి ముగ్గు. మోతుబరి లోగిలిలో బొమ్మల కొలువు మెట్లు కట్టి అలంకరించే ఇల్లాలికి వెనకాల పనిమనిషి వుంటుంది. ఆ పనిమనిషి తన ఇంటి మట్టిగోడకు ఎర్రమన్ను పూసి సున్నపు చారలు దించేది ఆ ఇంటి పని, ఈ ఇంటి పని అయ్యాకనే. చీరాల మగ్గం దగ్గర నేతగాడి పేరు వినపడుతుంది. నూలు తోడి, కండెలు చుట్టి ఇచ్చిన భార్యా పిల్లల పేర్లు వినపడవు. నరసరావుపేట ప్రాంతపు తోలుబొమ్మలాట కుటుంబాలలో బొమ్మ చేయడంలోనూ, తెర వెనక పాడటంలోనూ స్త్రీలకు పాలుంది. ఆటకు పేరు మాత్రం ఇంటి పెద్దది.

పల్నాడులోనూ, ప్రకాశం జిల్లా పడమటి అంచుల్లోనూ వున్న లంబాడీ తండాలకు వెళితే మిశ్రమ మాధ్యమం అనే మాటకు పూర్తి అర్థం దొరుకుతుంది. అక్కడి స్త్రీల ఫేటియా, కాంచళి, టుక్రి మూడింటిలోనూ అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు, రంగు గుడ్డముక్కలు ఒకే కుట్టుభాషలో కలుస్తాయి. ఆ వస్తువులలో ఒక చరిత్ర వుంది. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోస్తూ దేశమంతా తిరిగిన జాతి అది. రైళ్లూ రోడ్లూ వచ్చి ఆ వర్తకాన్ని తుడిచిపెట్టాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం తిరిగే జాతులన్నింటినీ అనుమానపు కంటితో చూసింది. నిలవ వుంచుకోవడానికి ఇల్లు లేని మనుషులు తమ ఆస్తినీ కళనీ ఒంటి మీదనే మోశారు. తర్వాత నాగార్జునసాగర్ వచ్చింది. 1955లో పునాదిరాయి, 1967లో కాలువలకు నీరు. కుడికాలువ కింద మిరపా పత్తీ పెరిగాయి, కూలికి చేతులు కావలసి వచ్చాయి. ఏరుతకు దిగిన చేతులకు కుట్టే తీరిక తగ్గింది.

ఈ తీరిక సంగతి వివరంగా చూడాలి. పత్తి తీతలు, మిరప కోతలు చలికాలంలో మొదలై వేసవి దాకా సాగుతాయి. కాయ కోసిన తర్వాత తొడిమలు తీసే పని వుంటుంది. అది దాదాపు పూర్తిగా ఆడవాళ్ల పని. రోజంతా తొడిమ తీసిన వేళ్లు రాత్రికి మండుతాయి. ఆ చేత్తో బిడ్డ కన్ను తుడవడానికి కూడా భయం. ఆ వేళ్లకు సూది పట్టే ఓపిక ఎక్కడిది? వ్యాపార పంట ఇచ్చిన డబ్బుతో దుప్పటి కొనుక్కున్నారు నిజమే. 1987-88లో తెల్లదోమ పత్తిని మింగినప్పుడు, గుంటూరు ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు, ఆ డబ్బూ లేదు. పాలియెస్టర్ వచ్చాక బొంతకు పనికివచ్చే మెత్తని పాత నూలుగుడ్డ కూడా తగ్గిపోయింది.

సంస్కరణోద్యమం ఈ చేతులను గుర్తించలేదా? గుర్తించింది, కానీ ఒక మేరకే. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1902లో గుంటూరులో వితంతు శరణాలయం, 1922లో శారదానికేతనం స్థాపించారు. 1931లో కనుపర్తి వరలక్ష్మమ్మ బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. దిక్కులేని స్త్రీ తన కాళ్ల మీద నిలబడాలన్న తపన వాటి వెనక వుంది. ఆ తపన గొప్పది. అయితే స్త్రీ చేతి పనిలో వారి కాలం చూసింది బతుకుతెరువును. చూడనిది సృజనను. ఆకలి ముందున్న కాలంలో ఆ వరస సహజం.

అభ్యుదయ సాహిత్యోద్యమానికి ఆ మినహాయింపు అంత సులువుగా దొరకదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. అదే గుంటూరు సీమ పొన్నెకల్లులో పుట్టిన నాజర్ బుర్రకథను ప్రజల ఆయుధంగా మలిచాడు. పల్లె పాటను, పల్లె ఆటను ఉద్యమం చేరదీసింది. 1950లలో బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు జానపద గేయాలను విశ్వవిద్యాలయంలోకి తెచ్చారు. తిరగలి పాట పుస్తకమెక్కింది. తిరగలి పక్కన పరచి వున్న బొంత ఎక్కలేదు. గొబ్బిపాట ఎక్కింది, గొబ్బెమ్మ ఎక్కలేదు. అక్షరం కాగలిగినదాన్ని మాత్రమే మనం ప్రజాకళగా గుర్తించాం. అది రచయితల ఉద్యమం కనుక కొంత అర్థం చేసుకోవచ్చు, సమర్థించలేం.

దీనికి ఒక అభ్యంతరం వుంది. గొబ్బెమ్మ మంచి మొగుడి కోసం కన్నెపిల్లలతో చేయించే తంతు కాదా? బొంత ఇంటిచాకిరీకి అలంకారం కాదా? వీటిని కీర్తించడం స్త్రీని వంటింట్లోనే వుంచడం కాదా? ఈ అభ్యంతరంలో బలముంది. పొగడ్త పేరుతో చాకిరీని కొనసాగించే ఎత్తుగడ మనకు కొత్త కాదు. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం లేసు చూడండి. అక్కడి అల్లికపని గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. బయటి కూలికి పోవడం తక్కువనుకునే ఇళ్ల స్త్రీలు రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం అల్లుతుంటే, వాళ్లను గృహిణులనీ, ఆ అల్లికను తీరిక పని అనీ పిలిచి, లాభం వ్యాపారులు తీసుకున్నారని ఆమె నిరూపించింది. 'ఇంటి కళ' అనే తియ్యని మాట కూలి ఎగ్గొట్టడానికి పనికివచ్చింది.

కనుక పొగడ్తా కాదు, తిరస్కారమూ కాదు కావలసింది. తంతు వేరు, తంతులో చేయి తిరిగిన నేర్పు వేరు. ఆ నేర్పుకు కొత్త వస్తువునివ్వవచ్చని చరిత్ర చెబుతోంది. 1973లో చిలీలో సైనిక కుట్ర జరిగి వేలమంది మాయమైనప్పుడు, వాళ్ల తల్లులూ భార్యలూ పాతగుడ్డ ముక్కలను గోనెపట్టా మీద కుట్టి జైళ్లనూ, ఖాళీ కుర్చీలనూ, మాయమైన కొడుకులనూ చూపించారు. ఆ పటాలు రహస్యంగా దేశం దాటి సాక్ష్యాలయ్యాయి. వాళ్లు కొత్త విద్యేమీ నేర్వలేదు. వాళ్లకు వచ్చిన కుట్టునే వాడారు. మన బుర్రకథకు నాజర్ చేసిన పని అటువంటిదే.

సాహిత్య విద్యార్థులకు ఇందులో చేయగలిగిన పని వుంది. 2022లో గుంటూరు, ప్రకాశం జిల్లాలు మళ్లీ విడిపోయి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. పటం మారినా తండాలూ వాకిళ్లూ అక్కడే వున్నాయి. వెళ్లి పాట రాసుకునేటప్పుడు పాడుతున్న ఆమె ఒడిలో వున్న గుడ్డ గురించి కూడా అడగాలి. అది ఎవరి చీర, ఏ ఏటిది, కుట్టడానికి ఎన్ని నెలలు పట్టింది, ఆ నెలల్లో ఇంట్లో వంట ఎవరు చేశారు, కూలికి ఎన్ని రోజులు పోయారు అని అడగాలి. అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరుతోనే రాయాలి. అట్టల మీద లంబాడీ కుట్టును బొమ్మగా వేసుకునే పత్రికలు కుట్టిన చేతికి పారితోషికం ఇవ్వాలి. కథకులు వంటింటిని బాధల కొట్టుగా మాత్రమే గాక, అక్కడ ఒక మనిషి ఏదో ఎంచుకుంటూ, కూర్చుకుంటూ వున్న చోటుగా కూడా చూడాలి. ఇవన్నీ జరిగినా ఆమె చాకిరీ తగ్గదు. ఆ భారం ఇంట్లో మగవాడు పంచుకున్నప్పుడు, కూలికి తగిన ధర వచ్చినప్పుడు తగ్గుతుంది. ఆమె పేరు రాయడానికి మాత్రం ఆ రోజు దాకా ఆగనక్కర్లేదు. అమరావతి రాయి మీద ఆ పని రెండు వేల ఏళ్ల కిందటే జరిగింది.