గోడమీది మూడు రంధ్రాలు

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో తాప విద్యుత్ కేంద్రం ఏర్పడినది. దాని సామర్థ్యం క్రమంగా 22.5 మెగావాట్లకు పెరిగినది. 1990 దశకంలో ఆ కట్టడాన్ని తొలగించినారు. కాని అది నగరానికి కరెంటునిచ్చిన కాలపు అలవాటొకటి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల పాత ఇండ్ల గోడలమీద ఇంకను కనిపించును.

ఆ రోజులలో కరెంటు అనగా దీపమే. గది నడుమ దీపము, తలుపు ప్రక్కన స్విచ్చి. ఆ స్విచ్చి కొరకు టేకు బద్దపై దించిన తీగనుండియే ఒక సాకెట్టు. వేరుగా తీగ లాగనక్కరలేదు గనుక ఖర్చు తక్కువ. ఆ విధంగా సాకెట్టు తలుపు ప్రక్కన, రొమ్మెత్తున స్థిరపడినది. మంచము, బల్ల ఎక్కడ వేయుదురో ఎవరు అడిగినారు? పాశ్చాత్య దేశాలలోను మొదట ఇంతే. అమెరికాలో హార్వీ హబ్బెల్ 1904లో పేటెంటు పొందిన ప్లగ్గు సైతము దీపపు హోల్డరు నాశ్రయించి పుట్టినదే!

తొలినాటి సాకెట్లకు రెండే రంధ్రాలు. ఇస్త్రీపెట్టె లోపలి తీగ తెగి పైరేకుకు తగిలినచో, ఆ విద్యుత్తు భూమిలోనికి పోవు దారి పట్టుకొన్నవారి శరీరమే. ఈ ప్రమాదాన్ని తప్పించుటకే మూడవ రంధ్రము వచ్చినది. బ్రిటనులో 1934 నాటి బి.ఎస్. 546 ప్రమాణము గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గులకు కొలతలు నిర్ణయించినది. 1947లో బ్రిటను పలక పిన్నులకు మారినది. మన దేశము గుండ్రని వాటినే నిలుపుకొని, ఐ.ఎస్. 1293 అను తన ప్రమాణములో చేర్చుకొన్నది.

మన సాకెట్టులో ఎర్తు పైన, ఎదుట నిలిచి చూచినచో ఫేజు కుడివైపున, న్యూట్రలు ఎడమవైపున ఉండవలెను. ఎర్తు పిన్ను మిగిలిన రెంటికంటె పొడుగు, లావు. పొడుగు గనుక ప్లగ్గు పెట్టునపుడు అది ముందుగా తగులును, తీయునపుడు చివరకు విడుచును. లావు గనుక మరొక రంధ్రములో దూరదు. ఎంతటి సులభోపాయము!

5 ఆంపియర్లది, 15 ఆంపియర్లది అని రెండు రకములు ఉండెడివి. తరువాత అవి 6, 16 అయినవి. పెద్దదానిని మనవారు నేటికిని ‘పవర్ ప్లగ్గు’ అందురు. దీపాల కరెంటు వేరు, యంత్రాల కరెంటు వేరు అని లెక్కించిన కాలపు మాట అది.

1968లో భారతీయ ప్రమాణాల సంస్థ నివాస గృహాలలో విద్యుత్ అమరికకై ఐ.ఎస్. 4648 అను మార్గదర్శిని వెలువరించినది. 1985 నాటి జాతీయ విద్యుత్ నియమావళి, పొడుగాటి వైర్లు వేలాడదీయు అవసరము రాకుండ ప్రతి గదిలోను తగిన చోట్ల తగినన్ని సాకెట్లు ఉండవలెనని చెప్పినది. గది గోడను చూచి గాక, గదిలో జరుగు పనిని చూచి సాకెట్టు పెట్టుమని దీని భావము.

అశోక్ నగర్ నేడు పోటీపరీక్షల శిక్షణకు పేరుపడిన పేట. సంసారముల కొరకు కట్టిన ఇండ్లు పలుచోట్ల వసతి గృహములైనవి. ఒక చిన్న కుటుంబపు రేడియోకు సరిపోయిన సాకెట్టుకు ఎక్స్‌టెన్షను బోర్డు తగిలించి, నలుగురు విద్యార్థులు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పెట్టుకొందురు. వీటితో చిక్కు తక్కువ; చిక్కంతయు నీళ్ళు కాచు రాడ్డుతోనే. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల వద్ద దాదాపు 6.5 ఆంపియర్లు తీసికొనును. చిన్న సాకెట్టు హద్దు అప్పుడే దాటినది. తీగలో పుట్టు వేడిమి విద్యుత్ప్రవాహపు వర్గాన్ని అనుసరించును గనుక, ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. వదులైన పిన్ను దగ్గర ఈ వేడి మరింత హెచ్చి, బేకలైటు నల్లబడి, వాసన వచ్చును. గోడలోపలి తీగ తొడుగు కరుగుట మాత్రము బయటికి కనబడదు.

ఇట్టి గదులలో చాలమంది చేయించు మరమ్మతు, పాత సాకెట్టు తీసి పెద్దది బిగించుట. ఇది మరింత కీడు. రంధ్రములు పెద్దవైనను వెనుకనున్నది ఆ దీపపు తీగయే. మీటరు ప్రక్కనున్న డిస్ట్రిబ్యూషను బోర్డునుండి తగిన లావుగల తీగను, దాని ఎర్తుతో సహా, వేరు సర్క్యూటుగా తెచ్చి, రాడ్డుకు గాని గీజరుకు గాని పని ఉన్నచోటనే పాయింటు పెట్టించవలెను.